సల్లటి జాగ నేనే చూపెట్టిన

అజీజ్‌నగర్ దాటి లోపలికి పోతే ఒక తోట ఉండె. యాప, కానుగ, టేకు, సీతాఫలం, అన్నీ కలిసి చిన్న అడివి లెక్క. అండ్లనే మా గుడిసె. బాపు ఆ తోటకు కావలి ఉండె. బాపు సచ్చిపోయినంక తోట ఆసామి పటేలు నన్ను కన్న అవ్వతోని "మీరు ఈడనే ఉండుండ్రి, ఎవ్వలు లేపరు" అన్నడు. నోటిమాటనే. కాయితం అడగాల్నన్న సోయి మాకు ఏడిది.

అప్పటికే గచ్చిబౌలి దిక్కు కంపెనీలు లేసినయి. ఆదివారం వస్తే మా రోడ్డు నిండ జాగలు చూసేటోళ్ల కార్లే. పటేలు గూడ పోయినంక కొడుకులు తోట అమ్ముకున్నరు. కొన్నది సాఫ్ట్‌వేర్ మేడం. నాకంటే ఓ పదేండ్లు పెద్దగుంటది. పట్నంకెళ్లి వచ్చేటోళ్లు యోగా చేసుకోనీకి, మనసు నెమ్మది చేసుకోనీకి చిన్న జాగ కడతదట. చెట్టు ఒక్కటి కొట్టదట. అది ఇనంగనే నాకు ఆమె మీద ప్రేమ, పావురం పుట్టింది.

"మరి మేము, మేడం?" అన్న.

"మీరు లేకపోతే తోట ఎవరు చూస్తారు? ఉంటారు కదా," అన్నది.

ఆ మాట పట్టుకొని నేను ఎగిరిన. మాకు ఆ గుడిసె తప్ప ఇంకో నీడ లేదు మరి. అవ్వ మాత్రం ఎప్పటి లెక్కనే వాకిలి ఊడ్వవట్టింది.

మేడం ఎంబడి ప్లాన్ గీసే డ్రాయింగ్ సారు వచ్చిండు. కారు బానెట్ మీద కాయితం పరిసి నన్ను పిలిచిండ్రు. నేను సదివింది ఏడో తరగతి, కని ఆ తోటల ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తదో నాకు ఎరుకే. "సీతాఫలాల దిక్కు గదులు వద్దు సార్, వానకు మోకాలు లోతు నీళ్లు నిలుస్తయి. టేకు నీడను నమ్మకుండ్రి, ఎండకాలం ఒక్క ఆకు ఉండదు." సారు రాసుకుంటుంటే నాకు గర్వమైంది.

"నీ ఎంబడి తిరిగితే నా నౌకరి పోయేటట్టున్నదమ్మా," అన్నడు సారు.

"పోతే పోనీ సార్, మీకు ఈడ గడ్డి పీకే పని ఇప్పిస్త," అన్న. మేడం మస్తు నవ్వింది.

నవ్వుకుంటనే అడిగింది. "మొత్తం తోటలో మధ్యాహ్నం బాగా చల్లగా ఉండేది ఎక్కడ?"

మా దిక్కు ఇంటికొచ్చినోళ్లకు నీడకే మంచం ఏస్తం, మనం ఎండల నిలవడ్డా మంచిదే. నాకు ఇంకో ఆలోచన రాలే. మేడం చెయ్యి పట్టుకొని మా వాకిట్లకు తీస్కపోయిన. రెండు యాపలు, ఒక కానుగ, నడుమల మా గుడిసె. మంచమేసి కూసోబెట్టిన. మేడం చెప్పులిడిసి, కండ్లు మూసుకొని, పొడుగ్గ ఊపిరి తీసింది. "ఇదే," అన్నది.

మా ఇల్లు నచ్చిందని నేను సంబురపడ్డ. నీళ్లు తెచ్చిన అవ్వ ఎంబడొచ్చిన సారు చేతుల కొలత టేపు దిక్కు చూసింది, చెంబు కింద పెట్టి లోపలికి పోయింది.

వారం తర్వాత నేల మీద ముగ్గు పోసి గదులు గీసే రోజు. ముగ్గు నువ్వే పొయ్యి, నీ చెయ్యి సక్కగుంటది అన్నడు సారు. గూటాలు కొట్టి కట్టిన సుతిలి తాడు పొంటి పోసుకుంట పోయిన. గదులు, వంటిల్లు, ఒంటికి నూనె రాసే అర్ర.

"మా అర్ర ఏ దిక్కు సార్?"

"ముందు యోగా హాలు కానియ్యి."

హాలు గీత మా వాకిట్లకొచ్చింది. గుడిసె కడప కాడికి పోసిన. ఆడ సుతిలి గుడిసెకు తాకి ఆగింది. గుడిసె ఎనుక ఇంకో గూటం కొట్టి ఉన్నది.

"ఈడ ఇల్లున్నది సార్."

"ప్లాన్ల లేదమ్మా," అన్నడు, నా మొకం చూడకుంట.

మేడంకు ఫోన్ చేసిన. పాపం, మెల్లగనే చెప్పింది. గెస్టులొస్తారు, పొయ్యి పొగ, కోళ్లు, బాగుండదు. కావలికి ఏజెన్సీ వాళ్లను మాట్లాడిందట. "ఆ స్థలం నువ్వే కదా చూపించావు, నీకు తెలుసనుకున్నాను," అన్నది. ఎద్దేవకు అనలే. నిజంగనే అట్లనుకున్నది. అందుకే నాకు కోపం గూడ రాలే. వస్తే బాగుండు.

అవ్వ తిడతదని ఎదురుచూసిన. తిట్టలే. "నువ్వు చూపెట్టకుంటే ఆళ్లకు కనవడదా బిడ్డా? గంత గంత చెట్లు దాస్తమా," అన్నది. నన్ను ఊకోబెట్టనీకి అన్నదో, నిజమే అన్నదో, ఇప్పటికీ తెల్వది. నేను వేరే చెట్టు కిందికి తీస్కపోతే ఏమవుతుండెనో అని మాత్రం దినాం అనుకుంట.

పోయే దినం గుడిసె మీది రేకులు మేమే ఇప్పుకున్నం. అవ్వ, నేను కలిసి రోలు లేపుతుంటే మేడం వచ్చింది. "అది ఉంచండి అమ్మా. నీళ్లు పోసి పూలు వేస్తే చాలా బాగుంటుంది. ఎక్కడ పెట్టమంటారు?"

మొయినాబాద్ల మేము మాట్లాడుకున్న కిరాయి అర్రల ఇద్దరం పండుకుంటేనే కాళ్లు గోడకు తాకుతయి. అవ్వ చేతులిడిసింది.

"ఈడనే ఉండనీ. ఎప్పుడూ ఈడనే ఉండె," అన్నది.

బొంతలు, గిన్నెలు ఆటోల ఏసినం. ఇంకేమన్న ఉన్నదా అవ్వా అని అడిగిండు ఆటో అన్న.

"ఏం లేదు. పోనియ్యి."