నెట్‌వర్క్‌లో అన్న పేరు

అన్న పోయిన తర్వాత కూడా అన్న గొంతు నారాయణఖేడ్ బజార్లో చాలా రోజులు తిరిగింది. ఇందులో దయ్యం ఏమీ లేదు. అన్న చేసే పని మైకు ప్రచారం. చీరల సేల్, కోడిపిల్లలు, కోచింగ్ సెంటర్, కంటి పరీక్షల శిబిరం, ఏదైనా సరే ఇంటి ముందు గదిలో కూర్చుని, కిటికీకి గొంగడి వేలాడదీసి, తన గొంతుతో రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేవాడు. ఆటోవాళ్లు ఆ గొంతును ఖేడ్ గల్లీల్లో, అటు కల్హేర్, సిర్గాపూర్ దాకా తిప్పేవాళ్లు. మనిషి జ్వరంతో హైదరాబాద్ దవాఖానకు వెళ్లి తిరిగి రాలేదు. ఆటోల్లో ఉన్న పెన్‌డ్రైవ్‌లకు ఆ సంగతి తెలియదు కదా.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక ఒక పొద్దున నేను బట్టలు ఆరేస్తున్నాను. "నారాయణఖేడ్ పట్టణ మరియు పరిసర గ్రామాల ప్రజలకు విజ్ఞప్తి" అని గల్లీ చివరినుంచి అన్న పిలిచాడు. తడి చీర చేతిలో అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. అమ్మ గేటు దాకా ఉరికింది. ఆమెను చూసి ఆటో డ్రైవర్ గాబరాపడి మైకు ఆపేశాడు.

"ఎందుకు బంద్ చేసినవ్? నడువనియ్యి," అంది అమ్మ.

అతను మళ్లీ పెట్టాడు. ఆటో మూల తిరిగేదాకా అమ్మ గేటుకు ఆనుకుని విన్నది. తర్వాత వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అందర్ని పిలుస్తుండు. రైతు సోదరులు అంటుండు, అక్కచెల్లెండ్లు అంటుండు. నన్నొక్కదాన్నే పిలుస్తలేడు," అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. అమ్మకు కావలసింది ఒక్కటే, కొడుకు ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడిన మాట ఒక్కటి. అన్నది పాత బటన్ల ఫోను, అందులో ఏ రికార్డూ లేదు. వీడియోలు తీయించుకునేంత పెళ్లిళ్లు పేరంటాలు మా ఇంట్లో జరగలేదు. ఎక్కడైనా ఉంటే అన్న కంప్యూటర్లోనే ఉండాలి.

ఈలోగా మా మేనమామ ఒకరోజు వచ్చాడు. పోయినవాళ్ల పరుపు, బట్టలు ఇంట్లో ఉంచకపోవడం మా దగ్గర రివాజు. అవన్నీ అప్పటికే ఇచ్చేశాం. మామ ముందు గదిలో కంప్యూటర్ని చూసి ముఖం చిట్లించాడు.

"గీ డబ్బా గూడ ఎవలికన్న ఇచ్చెయ్యుండ్రి. పోయినోని గొంతు గిట్ల బజార్ల తిరుగుడు మంచిది గాదు. వాని ఆత్మ ఊకుంటదా?" అన్నాడు.

డబ్బా జోలికి నేను రానివ్వలేదు. కానీ ఆయన తిన్నగా ఆటో స్టాండుకు పోయి డ్రైవర్లందరికీ చెప్పి వచ్చాడు. అన్న మీద ఉన్న గౌరవం కొద్దీ వాళ్లు ఆపేశారు. నేను పరిగెత్తుకు వెళ్లి కనీసం పెన్‌డ్రైవ్‌లైనా ఇమ్మంటే, "వేరేటివి ఎక్కించుకున్నమక్కా, నీకు వద్దేమో అనుకున్నం," అన్నారు. మామ మన మంచికే చెప్పాడని అందరూ అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అన్నను రెండోసారి మోసుకుపోయినట్టే చేశాడాయన. అమ్మ ప్రతి పొద్దునా గేటు దగ్గర కొంతసేపు నిలబడి లోపలికి వచ్చేది.

మా ఇంట్లో రెండు కంప్యూటర్లు. లోపలి గదిలో నాది, విండోస్. కరపత్రాలు, పెళ్లి కార్డులు నేను దాంట్లో చేసేదాన్ని. ముందు గదిలో అన్నది, లినక్స్. ఆటోవాళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల నిండా వైరస్‌లు ఉండేవి. వాటి దెబ్బకు విసిగిపోయి అన్న ఇంటర్నెట్‌లో చదివి చదివి లినక్స్ ఎక్కించుకున్నాడు. దానికి ఆ రోగాలు అంటవు. "ఆరోగ్యమంత నీది, రోగాలన్ని నాకు" అని నేను దెప్పేదాన్ని. అప్పుడు ఆయన దర్వాజా పైనుంచి వైరు లాగి, రెండింటినీ ఇంటర్నెట్ డబ్బాకు కలిపి, నా కరపత్రాలు తన డిస్కులో దాచుకునే ఏర్పాటు చేశాడు. నెట్‌వర్క్‌లో కనబడడానికి కంప్యూటర్లకు పేర్లు పెట్టాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తన దానికి అన్న అనీ, నా దానికి చెల్లె అనీ పెట్టాడు. నేను తెరమీది గుర్తు నొక్కి నేరుగా నా ఫోల్డర్‌లోకి వెళ్లేదాన్ని. పక్కన ఇంకేమున్నాయో ఎన్నడూ చూడలేదు.

అన్న దవాఖానలో ఉండగానే నా విండోస్‌కు వైరస్ పట్టింది. రిపేరు షాపతను ఇంటికి వచ్చి ఫార్మాట్ చేశాడు. అన్న కట్టిన దారి దాంతో తెగిపోయింది. పోనీ లినక్స్ ముందే కూర్చుని తెరుద్దామంటే అది పాస్‌వర్డ్ అడిగేది. తెలిసిన మాటలన్నీ కొట్టి చూశాను, కదల్లేదు. పైగా దాన్ని ఆన్ చేసినప్పుడల్లా లోపల గోటితో కొట్టినట్టు టిక్కుటిక్కుమని చప్పుడు. మళ్లీ షాపతన్నే పిలిచాను.

"హార్డ్ డిస్క్ పోయేతట్టున్నది మేడమ్. లినక్స్ అంటే మాకు తెల్వది. ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్త, జల్దీ అయితది," అన్నాడు.

"దాని మీద చెయ్యేస్తే నీ చెయ్యి విరుస్త," అన్నాను. పాపం, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది ఆ వైరు ఒక్కటే. ఆ డిస్కు పూర్తిగా చచ్చేలోపు నా కంప్యూటర్ నుంచి అన్న కంప్యూటర్లోకి దారి వెతకాలి. మధ్యాహ్నాలు అమ్మ పడుకున్నాక ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు చర్చలు చదివేదాన్ని, సగం అర్థమయ్యేవి. ముందు తెలిసిందేమిటంటే, రెండు కంప్యూటర్లూ ఒకే గుంపు పేరు చెప్పాలట. అన్న మా గుంపుకు మా గల్లీ పేరు పెట్టాడు. ఫార్మాట్ తర్వాత నాది పుట్టుకతో వచ్చిన పేరే చెబుతోంది. ఆ పేరు మార్చి, రెండు కంప్యూటర్లూ ఆన్ చేసి, నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల లిస్టు తెరిచి కూర్చున్నాను. కొంతసేపు అందులో ఏమీ లేదు. ఆ తర్వాత దానంతట అదే అన్న అని వచ్చింది.

అన్నా, అని పైకే అన్నాను. దాని మీద నొక్కితే మాత్రం అనుమతి లేదంది. డిస్కుకు కాస్త విశ్రాంతి ఇద్దామని ముందు గదిలోకి వెళ్లి లినక్స్‌ను ఆపి, స్విచ్ తీసేశాను. వచ్చి చూస్తే లిస్టులో అన్న పేరు ఉంది. మళ్లీ వెళ్లి చూశాను. పెట్టె చల్లబడుతోంది, దీపం వెలగడం లేదు. తిరిగి వచ్చినా పేరు అక్కడే ఉంది. చేసేది లేక అమ్మను లేపి చూపించాను.

అమ్మకు ఆశ్చర్యం వేయలేదు. "వాడు ఇంట్లనే ఉండు. నాకు తెలుస్తలేదా?" అని చెంగుతో తెర తుడిచింది.

మర్నాడు చదివితే కారణం తెలిసింది. ఆపేసిన కంప్యూటర్ పేరు కూడా లిస్టులో కొంతసేపు అట్లాగే ఉంటుందట, పోయిన మనిషి పేరు రేషన్ కార్డులో ఉన్నట్టు. అంతే సంగతి. అయినా ఆ తర్వాత నేను లినక్స్‌ను ఆపిన ప్రతిసారీ వచ్చి కూర్చుని, ఆ పేరు మాయమయ్యేదాకా చూస్తుండేదాన్ని. చూడకుండా లేవడం నా వల్ల కాలేదు. పేరు పోయిన క్షణాన ప్రతిసారీ కొత్తగా ఏడుపు వచ్చేది.

అమ్మ ఆదివారం బోరంచ వెళ్లి నల్లపోచమ్మకు కోడిని మొక్కుకుని వచ్చింది. కంప్యూటర్ తెరుచుకోవాలని పోచమ్మకు మొక్కిన మనిషి ఈ చుట్టుపక్కల ఆమె ఒక్కతే అయి ఉంటుంది. రోజూ సాయంత్రం "దొరికిందా?" అని అడిగేది. "దేవులాడుతున్ననే," అనేదాన్ని.

అనుమతి ఎందుకు లేదో తెలుసుకోవడానికి చాలా తల బద్దలు కొట్టుకున్నాను. ఇంట్లో ఎవరైనా తలుపు కొడితే ఎవరు అంటాం, నేనే అంటారు, తీస్తాం. కంప్యూటర్‌కు ఆ నేనే సరిపోదు. నేను విండోస్‌లోకి ఏ పేరుతో వస్తే, అదే పేరు, అదే పాస్‌వర్డ్ నా తరఫున అవతలి తలుపు దగ్గర చెబుతుందట. పాత విండోస్‌లో నా పేరు కూడా చెల్లె అనే ఉండేది. షాపతను ఫార్మాట్ చేసి ఓనర్ అని పెట్టి పోయాడు. ఇన్నాళ్లూ ఎవరో ఓనర్ వచ్చి తలుపు కొడుతుంటే అన్న ఎందుకు తీస్తాడు?

చెల్లె అని కొత్త ఖాతా చేశాను. ఏళ్ల తరబడి రోజూ కొట్టిన పాస్‌వర్డే పెట్టాను. అది అన్న పెట్టి ఇచ్చినదే. ఆ పేరుతో లోపలికి వచ్చి లిస్టులో అన్న మీద నొక్కాను. ఏమీ అడగకుండా తెరుచుకుంది. తెరుచుకున్నందుకు సంతోషించాలా, నా పేరు చెబితే చాలని ఆయన ఏర్పాటు చేసి పోయినందుకు ఏడవాలా తెలియక రెండూ చేశాను.

నా కరపత్రాల ఫోల్డర్, పక్కన ప్రచారాల ఫోల్డర్, ఆ పక్కన ఇంకొకటి. ఆ మూడోదాని పేరంతా ఖాళీ డబ్బాలు, వరసగా చిన్న చిన్న చతురస్రాలు. అన్న నాకు నేర్పిన మొదటి నియమం ఇదే. "పేరు సక్కగ లేని ఫోల్డర్ ముట్టకు చెల్లే, అది రోగం. సూడంగనే తీసెయ్యి." అందుకే ఆటోవాళ్ల ఏ పెన్‌డ్రైవ్‌లోంచో దిగిన రోగమనుకుని దాన్ని వదిలేసి, ప్రచారాలన్నీ నా దాంట్లోకి దింపుకుని ఒక్కొక్కటీ విన్నాను. విజ్ఞప్తులు, ఆఖరి అవకాశాలు, మించిన తరుణం దొరకదనడాలు. అమ్మ అన్నట్టే అన్న ఊరందరినీ పిలిచాడు. ఎక్కడా కత్తిరింపు కూడా తెలియకుండా శుభ్రంగా చేసుకున్నాడు. ఒక్క దగ్గు లేదు. అన్ని తలుపులు తీసుకుని వచ్చాక ఇంట్లో మనిషి లేనట్టు అనిపించింది.

డిస్కు చప్పుడు పెరుగుతోంది. చేసేదేముంది, ఇక ఆ రోగాన్ని తీసేసి, అన్న కంప్యూటర్‌ను పక్కన పెడదామని డబ్బాల ఫోల్డర్ మీద డిలీట్ నొక్కాను. ఖాయమేనా అని విండోస్ అడిగింది. అదే సమయంలో గుర్తొచ్చింది. అంతకు రెండు రోజుల ముందు ఒకాయన కరపత్రం మాటలు తెలుగులో కొట్టించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. నా కంప్యూటర్లో అవి కూడా ఇట్లాగే డబ్బాలుగా కనబడ్డాయి. షాపతను ఫార్మాట్ తర్వాత తెలుగు అక్షరాలు ఎక్కించలేదు. అన్న లినక్స్‌లో తెలుగు మొదటినుంచీ ఉంది. వద్దు అని నొక్కాను.

విండోస్ సీడీ వెతికి తెలుగు ఎక్కించాను. కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. ఫోల్డర్ పేరు 'పారేసేవి'.

లోపలన్నీ పొడుగాటి రికార్డులు. పాడైపోయినవి, తడబడినవి, మధ్యలో ఆపినవి. పారేయాలని పేరు పెట్టి ఏ ఒక్కటీ పారేయలేదు. ముందు అన్నిటినీ నా దాంట్లోకి దింపాను. అవి దిగుతున్నంతసేపూ గది గడప మీద నిలబడి అవతలి డిస్కు టిక్కుటిక్కులు విన్నాను. చివరిదాకా ఓర్చుకుంది. అప్పుడు వచ్చి మొదటిదాన్ని పెట్టాను. అమ్మ వంటింట్లో ఎల్లిపాయ కారం దంచుతోంది. ముందు నేనొక్కదాన్నే విని, ఏదైనా ఉంటే పిలుద్దామనుకున్నాను. స్పీకర్లు పెద్దగా ఉన్న సంగతి చూసుకోలేదు.

కుర్చీ జరిపిన చప్పుడు. దగ్గు. "కల్హేర్ మండల రైతు సోదరులకు విజ్ఞప్తి. మన..." అని అన్న ఆగిపోయాడు. ఆయన వెనక ఎక్కడో ధన్ ధన్‌మని రోకలి పడుతోంది. అది రికార్డులోదో, మా వంటింట్లోదో నాకు తెలియలేదు.

"అమ్మా! ఓ అమ్మా! జరంత సేపు దంచుడు ఆపే. రికార్డింగ్ నడుస్తుంది."

వంటింట్లో రోకలి ఆగింది.

"ఆపిన కొడుకా. నువ్వు కానియ్యి," అంది అమ్మ లోపలినుంచి.

అన్న గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. విత్తనాల ధరలు చెప్పాడు, దుకాణం గుర్తులు చెప్పాడు, మరచిపోకండి అన్నాడు. అంతసేపూ వంటింట్లోంచి చప్పుడు రాలేదు. అయిపోయాక కూడా రాలేదు. నేను లేచి వెళ్లేసరికి అమ్మ రోలు ముందు, రోకలి రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉంది. అప్పటికి తెలిసొచ్చింది ఆమెకు. కారం చేతులతో కళ్లు తుడుచుకోబోతుంటే మణికట్టు పట్టుకుని ఆపాను.

"మళ్ల పెట్టు బిడ్డా," అంది. "ఈసారి సప్పుడు చెయ్య."