పాపయ్య చక్రాల బల్ల

ద్వారక హోటలు పక్క గల్లీలో పాపయ్య వడ్రంగి కొట్టు ఇప్పుడు సగమే మిగిలింది. మిగతా సగంలోకి ఫోన్లు బాగుచేసేవాడు దిగాడు. అంకయ్య పోయాక ఒక్క మనిషికి అంత చోటెందుకని కొట్టు యజమాని మధ్యలో గోడ కట్టించేశాడు. పాపయ్య ఠీక్ హై అన్నాడు, అంతే.

అంకయ్య అతని భార్య లీలావతికి అన్న. బావాబావమరుదులిద్దరూ ఇరవై రెండేళ్లు ఒకే బల్లకు చెరోపక్క నిలబడి పనిచేశారు. నెల కిందట గుండె ఆగి అంకయ్య పోయిన రోజు పాపయ్య కంట చుక్క నీరు రాలేదు. తర్వాతా రాలేదు.

"మా అన్నయ్య పోతే మీకు చీమ కుట్టినట్టయినా లేదు," అని లీలావతి మొహం మీదే అనేసింది.

ఏమీ అనిపించకపోవడమే పాపం అతని బాధ. టీ తాగితే టీ రుచి తెలియడం లేదు. మొన్న సుత్తి దెబ్బ బొటనవేలికి తగిలితే, చెక్క మీద నెత్తురు చూశాకే ఆ సంగతి తెలిసింది.

సగం కొట్టులో పెద్ద బల్ల ఉంటే మసలడానికి చోటు లేదు. పనిముట్లు తగిలించుకునే గోడ కూడా అవతలి సగంలోకి పోయింది. అందుకని చక్రాల బల్ల ఒకటి చేసుకోవాలనుకున్నాడు. కింది సొరుగుల్లో ఉలులూ చిత్రికలూ, పక్కన రంపాలు, పైన పని. చేస్తున్న తలుపు ఎక్కడ ఆనించి ఉంటే అక్కడికి తోసుకుపోవచ్చు. ఇది కుదిరితే ఒంటరిగానైనా పని సాగుతుంది, లేకపోతే కొట్టు మూసేసి ఇంట్లో కూర్చోవడమేనని లీలావతికి చెప్పాడు.

ఇంకో సంగతి ఉంది. వడ్రంగి బల్ల ఎత్తు పనిచేసేవాడి మణికట్టుకు సరిపోవాలి. పాత బల్ల అంకయ్య మణికట్టుకు చేసింది, ఆయనేమో తాటిచెట్టంత మనిషి. పొట్టి పాపయ్య ఇన్నేళ్లూ కాళ్ల కింద చెక్కపలక వేసుకుని నెట్టుకొచ్చాడు. "ఏం బావా, ఇంకా ఎదగలేదా?" అని అంకయ్య ఏనాడు ఆటపట్టించకుండా వదిలాడు గనక! ఇన్నాళ్లకు పాపయ్యకు తన ఎత్తు బల్ల రాబోతోంది.

పాత బల్ల ముందు నిలబడి, చెయ్యి వేలాడేసి, మణికట్టు నుంచి నేల దాకా కొలుచుకున్నాడు. తర్వాత ఆ బల్లనే విప్పి, ఆ కర్రతోనే ఆరు రోజులు తల ఎత్తకుండా పనిచేశాడు.

ఏడో రోజు మధ్యాహ్నం లీలావతి క్యారియర్ తెచ్చేసరికి బల్ల తయారుగా ఉంది. చక్రాలకు బ్రేకు వేసి చిత్రిక పట్టబోతే పాపయ్య మోచేతులు పైకి లేచాయి. నాలుగు వేళ్లు ఎత్తు ఎక్కువైంది.

"చక్రాల ఎత్తు తీసెయ్యలేదా?"

"తీసేశాను."

"మరి కొలత ఎక్కడ నిలబడి తీశారు?" వడ్రంగుల ఇంటి ఆడపడుచు, ఆ మాత్రం అడగదా!

పాపయ్య మూలకు చూశాడు. పలక అక్కడే ఉంది. ఆ రోజు అలవాటుకొద్దీ దాని మీద ఎక్కే కొలిచాడు.

"పోనీలెండి, కాళ్లు కోసెయ్యండి. ఎంతసేపు?"

రంపం తీసి గుర్తు పెట్టాడు. మొదటి కోత పడకముందే చెయ్యి ఆగిపోయింది.

"బావ పోయినా నన్ను పలక దిగనివ్వట్లేదే లీలా," అన్నాడు. అంతే, నెల్లాళ్లూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది.

లీలావతి అతని చేతిలో రంపం తీసుకుని బల్ల పక్కన తగిలించింది. మూలనున్న పలక తెచ్చి అతని కాళ్ల ముందు వేసింది.

"ఎక్కండి," అంది.