లుమింగ్ సున్నం వేసిన సమాధి

సరస్సు ఒడ్డునున్న మా ఊళ్ళో లుమింగ్‌ను ఎరగనివాళ్ళు లేరు. కొబ్బరిపాలలో వండిన జిగురన్నాన్ని అరటాకుల్లో చుట్టి బజారులో అమ్మేది. సూమన్ అంటాం మేము. ఒకసారి ఆ వాసనకు సరస్సులోని చేపలు గట్టెక్కి బజారు దాకా వచ్చాయి. నేను కళ్ళారా చూశాను. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని మా బడిలో కన్యాస్త్రీలు చెప్పేవారు. నాది ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉంది.

మంచాన పడిన తల్లికి సేవ చేస్తూ లుమింగ్ పెళ్ళి వయసు దాటించేసింది. ఆ తల్లి పోయాక, సరుకుల ఓడలో వంటవాడు అర్సేనియో ఆమెను అడిగాడు. అతని భార్య ఆరోరా జ్వరంతో పోయి అప్పటికి కొన్నేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది రోవేనా, హైస్కూల్లో చదువుతోంది. చిన్నది నెనెత్, అప్పుడే పాలపళ్ళు ఊడుతున్నాయి. లుమింగ్ ఒప్పుకుంది. పెళ్ళయిన వారానికే అతను మళ్ళీ ఓడెక్కేశాడు. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకే ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మిగిలారు.

నెనెత్ త్వరగానే ఒళ్ళోకి చేరింది. రోవేనాతోనే వచ్చింది చిక్కు.

"పులుసు బాగా పుల్లగా ఉంది. మా అమ్మ ఇంత చింతపండు వెయ్యదు."

"ఎంత వేసేదో చెప్పు తల్లీ, రేపు అంతే వేస్తా."

"అది చెబితే వచ్చేది కాదు."

లుమింగ్ మర్నాడు చింతపండు తగ్గించేది. అప్పుడు చప్పగా ఉందనేది పిల్ల.

అక్టోబరు వచ్చింది. ఒకరోజు రోవేనా బడి సంచీ దించకుండానే గుమ్మంలో నిలబడి చెప్పేసింది.

"పండక్కి మా అమ్మ సమాధి దగ్గరికి నేనూ చెల్లీ వెళ్తాం. నువ్వు రాకు."

"సరే."

"సరే అంటే చాలదు. రానని మాటివ్వు."

"రాను తల్లీ. వండి పంపిస్తా, చాలా?"

చాలంది పిల్ల. నవంబరు ఒకటిన, సకల పునీతుల పండుగనాడు మా ఊళ్ళో ఇళ్ళన్నీ ఖాళీ. ఊరు ఊరంతా సమాధుల తోటలోనే ఉంటుంది. కుండలు, రేడియోలు, పేకముక్కలు అన్నీ అక్కడికే. తమవాళ్ళ సమాధి పక్కన చాప పరుచుకుని, చనిపోయినవాళ్ళకు ముందు వడ్డించి, తరవాత తాము తింటారు. ఎవరు ఏ చాప మీద కూర్చుంటే వాళ్ళు ఆ ఇంటివాళ్ళు. ఏ చాప మీదా చోటు లేని మనిషి ఆ రోజు ఊళ్ళో ఎవరికీ ఏమీ కాదు. లుమింగ్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసే మాటిచ్చింది.

ఏటా పండుగకు ముందు ఆరోరా సమాధి కడిగి, సున్నం వేసి, వానలకు మాసిపోయిన పేరు మళ్ళీ రాయించేది అర్సేనియోనే. ఈసారి సముద్రం మీద చిక్కుకున్నాడు. ఏదో రేవు నుంచి కిరాణా కొట్టుకు ఫోన్ చేశాడు. ఆ గరగరలో లుమింగ్‌కు వినపడింది ఒకే ఒక్క మాట: "లోపలికెళ్ళగానే కుడివైపు, దేవదూత బొమ్మ పక్కది."

అతను ఎప్పుడూ సరస్సు వైపు గేటు నుంచి వెళ్ళేవాడు. లుమింగ్ చర్చి వైపు గేటు నుంచి వెళ్ళింది. అక్కడా కుడివైపు దేవదూత ఉంది. మా ఊరి శిల్పికి దేవదూత తప్ప ఇంకో బొమ్మ చెక్కడం రాదు మరి.

రోవేనాను అడిగితే తేలిపోయేదే. కానీ అడిగితే "నీకెందుకు?" అంటుందని భయం. పిల్లలు వచ్చేసరికి సమాధి తెల్లగా మెరుస్తూ ఉండాలనే ఆశ కూడా ఉంది. రోజూ బజారు పని అయ్యాక వెళ్ళి పాచి గీకింది, సున్నం వేసింది, బంతిపూలు పెట్టింది. పేరు రాయడానికి గోరియోను పిలిచింది. గోరియో ఒక కన్ను మూసుకుని రాస్తాడు. రెండూ తెరిస్తే అక్షరాలు రెండేసి కనపడతాయట, అంత తాగుతాడు. ఎవరి సమాధి అని అతను అడగలేదు. నీలిరంగులో 'ఆరోరా' అని అందంగా రాసి వెళ్ళిపోయాడు.

ఆ సమాధిలో ఉన్నది బస్యో. కోడిపందేల బస్యో. ఆయన పుంజు కూస్తే సరస్సు అవతలి ఊళ్ళోవాళ్ళు లేచి పళ్ళు తోముకునేవాళ్ళు.

పండుగనాడు నేను చర్చి గేటు దగ్గర కొవ్వొత్తులు అమ్ముతున్నాను. సమాధి శుభ్రం చేయించానని చెప్పి లుమింగ్ పంపిన అక్కాచెల్లెళ్ళు అన్నం గిన్నెలతో సరస్సు గేటు నుంచి వెళ్ళారు. తల్లి సమాధి పాచి పట్టి, ఎండుటాకుల కింద పడి ఉంది.

"చూశావా నెనెత్! అంతా శుభ్రం చేయించానంది. అబద్ధం! ఒక్క ఆకు కూడా తియ్యలేదు."

అంతలో ఈ చివర నుంచి కేక లేచింది. చేపలమ్మే సలింగ్, బస్యో కూతురు.

"ఒరే, ఎవడ్రా మా నాన్నను ఆడదాన్ని చేసింది!"

జనం పేకముక్కలు పారేసి పరుగెత్తారు. రోవేనా కూడా వచ్చింది. తళతళలాడే సున్నం, తాజా బంతిపూలు, నీలి అక్షరాల్లో తన తల్లి పేరు.

కబురు అందుకుని, చేతులకు అంటిన బియ్యప్పిండితోనే లుమింగ్ పరుగున వచ్చింది. కానీ గేటు దాటలేదు. నా కొవ్వొత్తుల బల్ల పక్కనే ఆగిపోయింది.

"లోపలికి పద లుమింగ్," అన్నాను.

"రానని మాటిచ్చానండీ."

దాంతో సలింగే గేటు దగ్గరికి వచ్చింది, వెనక సగం ఊరుతో.

"ఏమే లుమింగ్! మా నాన్న తన పెట్టలకే ఆడపేరు పెట్టనిచ్చేవాడు కాదు, ఆయనకే పెడతావా?"

"తప్పైపోయింది సలింగక్కా. ఆరోరా అక్కదే అనుకున్నాను." లుమింగ్ ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! అయితే ఇన్నాళ్ళూ నేను చెప్పుకున్నదంతా బస్యో తాతకా?"

జనం ఘొల్లున నవ్వారు. రోవేనా నవ్వలేదు.

"ఏం చెప్పావు?"

"అన్నీ. నెనెత్ పన్ను ఊడిందని. దాని దగ్గు తగ్గిందని. పులుసులో ఎంత చింతపండు వేసేదో కలలోనైనా వచ్చి చెప్పమని. నువ్వు లెక్కల్లో తప్పావని..."

"అది నీకెలా తెలుసు?"

"మీ టీచరమ్మ సూమన్ కొంటూ చెప్పింది. మీ నాన్నకు చెప్పలేదమ్మా. కన్నతల్లికైనా తెలియాలి కదా అని..."

"మా నాన్నకూ లెక్కలు రావులే, ఏమీ అనుకోడు," అంది సలింగ్. అక్కడితో ఆగితే బాగుండేది. "ఏ సమాధో కూడా తెలుసుకోకుండా సున్నం కొట్టావా? సవతి తల్లి ప్రేమ ఇలాగే ఏడుస్తుంది!"

"మా పిన్నిని ఏమీ అనొద్దు," అంది రోవేనా. "ఇన్నేళ్ళలో మీరు మీ నాన్నకు ఒక్క పువ్వైనా పెట్టారా? ఆయనకు సున్నం పడింది మా పిన్ని చేతుల మీదుగానే."

సలింగ్ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ మాటకు సరస్సులో అలలు కూడా ఆగాయి.

రోవేనా గేటు దాటి బయటికి వచ్చింది.

"రా పిన్నీ."

"మాటిచ్చాను కదమ్మా."

"ఇచ్చింది నాకే కదా? నేనే రమ్మంటున్నా. అక్కడంతా పాచి, నా ఒక్కదాని వల్ల కాదు."

పండుగ పూట ఊరంతా తింటూ ఉంటే ఆ ముగ్గురూ కొబ్బరిపీచుతో సమాధి తోముతూ కూర్చున్నారు. సలింగ్ వచ్చి బకెట్టుతో నీళ్ళు పెట్టి వెళ్ళింది. గోరియో కూడా వచ్చాడు. పేరు రాసే ముందు మాత్రం రోవేనా అతనితో రెండు కళ్ళూ తెరిపించింది.

కొవ్వొత్తులు అమ్ముడయ్యాక నేను అటువైపు వెళ్ళాను. చాప పరిచి ఉంది. లుమింగ్ కంచం పట్టుకుని ఇంకా పక్కనే నిలబడి ఉంది. రోవేనా చెల్లెల్ని ఇటు లాగి చోటు చేసింది.

"కూర్చో. నా లెక్కల సంగతి అమ్మకు నువ్వే చెప్పు, నాకు సిగ్గు."

లుమింగ్ కూర్చుంది. బస్యో దగ్గర అంత ధారాళంగా మాట్లాడిన మనిషికి ఇక్కడ నోరు పెగల్లేదు. పావడా సర్దుకుంది, జుట్టు సర్దుకుంది.

"ఆరోరా అక్కా," అంది చివరికి, "నా పేరు లుమింగ్. బజారులో సూమన్ అమ్ముతాను."