రెండు మిషన్లు, ఒక చెయ్యి

పోర్ట్ బ్లెయిర్‌లో కంప్యూటరు మొరాయిస్తే భానుకి ఫోన్ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమె దగ్గర సర్టిఫికెట్లేమీ లేవు. జంగ్లీఘాట్‌లో పుట్టింది. తండ్రి గవరయ్య డింగీ మీద చేపల వేటకు వెళ్లేవాడు. పదో తరగతి హిందీ మీడియంలో పాసై, ఆ తర్వాత పనిలో పడింది. పెళ్లయ్యాక తుష్నాబాద్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. భుజాన సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, ఉప్పుగాలికి పట్టిన తుప్పు దులపడానికి ఒక పెయింటు బ్రష్షు, ఒక పాత హార్డ్ డిస్కు.

ఆ డిస్కు నిండా సాఫ్ట్‌వేర్లే. పోగేయడం ఇక్కడివాళ్లకి అలవాటు. సముద్రం అడుగున కేబులు రాకముందు చిన్న ఫైలు దిగడానికి కూడా ఒక పూటంతా పట్టేది, ఆఖర్లో తెగిపోయేది. మెయిన్‌ల్యాండ్ నుంచి షిప్పులో వచ్చేవాళ్లని బతిమాలి పెన్‌డ్రైవుల్లో తెప్పించుకునేవాళ్లు. అంత కష్టపడి తెచ్చుకున్నది ఎవరు చెరుపుతారు? భాను ఒక్కటీ చెరపలేదు.

ఆమె పని నేర్చింది మిడిల్ పాయింట్‌లో సత్యారావు డీటీపీ షాపులో. పెళ్లికార్డులు, సంఘం కరపత్రాలు, గంగమ్మ పండగ ఆహ్వానాలు, తెలుగులో ఏది అచ్చు కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు. పాఠం చెప్పే అలవాటు ఆయనకి లేదు. పాడైన మిషను ఆమె ముందు పెట్టి తన టైపింగు తాను చేసుకునేవాడు. బాగైతే టీ తెప్పించేవాడు. బాగుకాకపోతే కూడా తెప్పించి, "తాగి మళ్లీ సూడు" అనేవాడు. ఆరేళ్లకి ఆమె సొంతంగా రిపేర్లు మొదలుపెట్టింది. అప్పుడు కూడా ఆయన అన్నది ఒకటే మాట: "పెన్‌డ్రైవు మర్సిపోకు."

మొన్న వానాకాలంలో సత్యారావుకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది. ఎడమ కాలు ఈడుస్తాడు. నాలుగు నెలలకి షాపు తెరిచాడు గాని, పని సాగలేదు. తెలుగు టైపు చేసే ప్రోగ్రాము ఒక పాత కంప్యూటరులోనే ఉంది. దాన్ని అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది వేరే మిషనులోకి ఎక్కదు. పేజీలు కట్టడం, ప్రింటు తీయడం కొత్త కంప్యూటరులో. ఒంట్లో బాగున్నప్పుడు ఆ కుర్చీలోంచి ఈ కుర్చీలోకి రోజుకి వందసార్లు మారేవాడు. ఇప్పుడు ఒక్కసారి లేవాలంటే గోడ పట్టుకోవాలి. రెండు మిషన్లూ ఒకే బల్ల మీదికి చేర్చినా కుదరలేదు. ముందు రెండు కీబోర్డులు, రెండు మౌసులు. ఉన్నది ఒక్క చెయ్యి. ఏది దేనిదో తడబడి, చేసిన పేజీ చెడగొట్టుకునేవాడు.

ఆ సమయంలోనే జంగ్లీఘాట్ మత్స్యకారుల సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. ఆంధ్ర నుంచి మొదట వచ్చిన కుటుంబాల పేర్లు, డింగీల పేర్లు, పాత ఫొటోలతో నలభై పేజీల పుస్తకం వెయ్యాలనుకున్నారు. సంఘం కార్యదర్శి పెద్దబ్బాయి సోమవారం పొద్దున్న షాపుకి వచ్చాడు. భాను అప్పుడు అక్కడే ప్రింటరు శుభ్రం చేస్తోంది.

"బావా, నీ మీద గౌరవం లేక కాదు," అన్నాడు. "పది రోజులైంది కాగితాలిచ్చి. ఒక్క పేజీ రాలేదు. గురువారం మజ్జానం వస్తాను. ఎనిమిది పేజీలు సూపించు. లేపోతే వైజాగ్‌లో మావోడున్నాడు, ఆడికి పంపించీస్తాను."

"పంపు. మన డింగీల పేర్లు ఆడికేటి తెలుసు? అన్నీ తప్పులే పడతాయి."

"పడితే పట్టుకునేవోడెవడు బావా? మన పిల్లలందరికీ హిందీయే కదా వచ్చు."

"నీ పేరే తప్పు పడితేనో, మావా?" అంది భాను.

"నువ్వే కొట్టొచ్చు కదే, ఇంత కంప్యూటరు తెలిసినదానివి."

భాను ప్రింటరు మూత బిగించింది. తెలుగు ఆమె కూడబలుక్కుని చదువుతుంది. టైపు చెయ్యడం రాదు. పెద్దబ్బాయి వెళ్లాక సత్యారావు కాగితాల కట్ట పక్కకి జరిపాడు. "అమ్మీ, ఇది పోతే మరి షాపు తియ్యను," అన్నాడు. "కార్డులకి కూడా వైజాగే వెళ్తారు."

ఒకే కీబోర్డుని, మౌసుని మీట నొక్కి ఒక మిషను నుంచి ఇంకోదానికి మార్చే పెట్టె ఒకటుంటుంది. ఊళ్లో దొరకలేదు, తెప్పిస్తే షిప్పులో రావడానికి రెండు వారాలు. అయితే, ఒక మిషనుకి తగిలించిన కీబోర్డు, మౌసులతోనే పక్క మిషనుని కూడా నడిపించే సాఫ్ట్‌వేరు ఉంది. మౌసు బాణాన్ని ఒక స్క్రీను అంచు దాటిస్తే పక్క స్క్రీనులోకి వెళుతుంది. ఏ స్క్రీనులో బాణముంటే టైపు చేసింది అందులో పడుతుంది. భాను ఒక ఆఫీసులో దాన్ని చూసింది, తానెప్పుడూ పెట్టలేదు.

మంగళవారం ఆ సాఫ్ట్‌వేరుని నెట్‌లోంచి కొత్త మిషనులోకి దించింది. పాత మిషను దాన్ని తీసుకోలేదు. పాతదానికి సరిపడేది కావాలి, పైగా రెండింట్లోనూ ఒకే రకం ఉండాలి. నెట్‌లో వెతికితే ఎక్కడా లేదు. డిస్కులో పాత ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిస్తే, పదేళ్ల కిందట ఎవరి పెన్‌డ్రైవులోంచో ఎత్తుకున్న ఫైలు కనిపించింది. రెండు మిషన్లలోనూ ఎక్కించింది. సత్యారావుకి అలవాటైన, అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డునే పాత మిషనుకి ఉంచి, రెండో కీబోర్డునీ, దాని మౌసునీ తీసేసింది. వైరుతో రెండింటినీ రూటరుకి కలిపి, పాతదాంట్లో దాచిన ఫైలు కొత్తదాంట్లోనూ కనిపించేలా ఒక ఫోల్డరు పెట్టింది. బయటివాటిని ఆపే ఫైర్‌వాల్ కొత్త మిషనులో అడ్డం వస్తే, ఈ ఒక్క ప్రోగ్రాముకి దారి ఇచ్చింది.

బుధవారం పొద్దున్న ఆయన్ని కూర్చోబెట్టింది. మౌసు కుడికి తోస్తే బాణం అంచు దగ్గర ఆగిపోయింది.

భాను వైర్లు మార్చింది. రూటరు ఆపి మళ్లీ వేసింది. రెండు మిషన్లూ మళ్లీ తెరిచింది. గంటన్నర గడిచింది. సత్యారావు ఊరికే కూర్చుని మౌసుని అటూ ఇటూ కదుపుతున్నాడు.

"అమ్మీ, ఓపాలి ఇటు సూడు. బాణాన్ని కొండ పక్కకి తోస్తే సముద్రం పక్కన తేల్తంది."

భాను వచ్చి చూసింది. ఎడమకి తోసిన బాణం కుడి స్క్రీనులో తిరుగుతోంది.

తప్పు ఆమెదే. పక్క స్క్రీను ఎటు ఉందో ప్రోగ్రాముకి బొమ్మ గీసి చూపించాలి. జంగ్లీఘాట్‌లో కుడి ఎడమలు ఎవరూ అనరు. గిన్నె అందుకోవాలన్నా సముద్రం పక్కది, కొండ పక్కది అంటారు. కొత్త మిషను సముద్రం పక్కనుంది. బల్ల వెనకాల వైర్లు పట్టుకుని నిలబడినప్పుడు సముద్రం ఆమెకి ఎడమనుంది, ఎడమకే గీసింది. కుర్చీలో కూర్చున్నవాడికి అది కుడి.

"నాన్న చూస్తే డింగీ ఎక్కనిచ్చేవాడు కాదు," అంది.

"గవరయ్యకి నేను సెప్పకుండా ఉండాలంటే నాకు టీ తెప్పించాలి," అన్నాడు సత్యారావు.

భాను బొమ్మని కుడికి లాగింది. బాణం దాటింది. ఆయన పాత మిషనులో ఒక పేరా కొట్టి, బాణాన్ని సముద్రం పక్కకి తోసి, ఆ ఫైలుని పేజీలో పెట్టి, ప్రింటు ఇచ్చాడు. లేవలేదు. కాగితం బయటికి వచ్చాక మరో పేరా మొదలుపెట్టాడు. ఆ సాయంత్రానికి ఆరు పేజీలయ్యాయి.

గురువారం మధ్యాహ్నం పెద్దబ్బాయి వచ్చేసరికి తొమ్మిదో పేజీ నడుస్తోంది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అంతలో కరెంటు పోయింది. పావుగంటకి వచ్చింది. మిషన్లు తెరుచుకున్నాయి గాని బాణం దాటలేదు.

"ఖతం," అన్నాడు పెద్దబ్బాయి. "రోజుకి మూడుసార్లు కరెంటు పోయే ఊళ్లో ఇదేటి పని బావా?"

సత్యారావు మౌసు వదిలేసి భాను వైపు చూశాడు.

భాను వంగి పాత మిషనుకి రూటరు ఇచ్చిన నెట్‌వర్కు నంబరు చూసింది. రూటరు ఆగి మళ్లీ వెలిగినప్పుడల్లా మిషన్లకి నంబర్లు కొత్తగా పంచుతుంది. కొత్త మిషను నిన్నటి నంబరు దగ్గరే పాతదాన్ని వెతుక్కుంటోంది. రెండింటికీ మారని నంబర్లు ఇచ్చింది. కంప్యూటరు తెరుచుకోగానే ప్రోగ్రాము దానంతటదే మొదలయ్యేలా పెట్టింది. పది నిమిషాల పని. బాణం దాటింది.

"అచ్ఛా, ఇప్పుడు బాగుంది. మళ్లీ పోతే?" అన్నాడు పెద్దబ్బాయి.

"పోనిద్దాం," అంది భాను. "బాబాయ్, కొట్టింది దాచుకున్నారా?"

"దాచాను."

ఆమె వెళ్లి మెయిన్ స్విచ్ దించేసింది. ఫ్యాను ఆగింది. వంద దాకా లెక్కపెట్టి మళ్లీ ఎత్తింది. ముగ్గురూ స్క్రీన్ల వైపు చూశారు. పాతది తెరుచుకోవడానికి చాలాసేపు తీసుకుంది. సత్యారావు మౌసుని సముద్రం పక్కకి తోశాడు. బాణం వెళ్లింది.

ఆమె మళ్లీ దించింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ వెళ్లింది. మూడోసారి చెయ్యి ఎత్తబోతే పెద్దబ్బాయే ఆపాడు.

"చాల్లే తల్లీ, నా పేజీలు కానియ్యండి."

ఎనిమిది పేజీలూ చేతిలోకి తీసుకుని వేలు పెట్టి చదివాడు. ఐదో పేజీలో ఆగాడు. "బావా, ఇక్కడ మా తాత డింగీ పేరు లేదు."

"నువ్వు రాసి ఇవ్వలేదు. సెప్పు."

పెద్దబ్బాయి చెప్పాడు. సత్యారావు కూర్చున్న చోటే కొట్టి, పక్క స్క్రీనులో పెట్టి, కొత్త కాగితం తీశాడు. ఆ పేరుని పెద్దబ్బాయి రెండుసార్లు చదువుకున్నాడు. వైజాగ్ మాట ఎత్తలేదు. "మిగతా ముప్పై రెండూ ఎప్పుడిస్తావు?" అని మాత్రం అడిగాడు.

"వచ్చే గురువారం," అన్నాడు సత్యారావు, స్క్రీను మీంచి చూపు తిప్పకుండా.

నాలుగున్నర బస్సుకి వెళ్లాల్సిన భాను ఆ రోజు ఆరు గంటల బస్సుకి వెళ్లింది. షాపులో ఆమెకి ఇంకే పనీ లేదు. స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్క చేత్తో ఆయన రెండు మిషన్లూ నడుపుతుంటే చూసింది.