కరిక్యులం అన్న చోట మా నాన్న రాసింది

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే. ఫిల్మ్ నగర్ బస్తీలో రెండు గదుల ఇల్లు మాది. మా నాన్న సినిమా సెట్లకు వడ్రంగి పని చేసేవాడు. సర్కారు బడిలో ఐదో తరగతి చదువుతున్న నేను కరెంటు బిల్లు మీదా మందు సీసాల మీదా ఉన్న మాటలు చదివి చెబితే ఆయన మురిసిపోయేవాడు. సగం మాటలు నాకే తెలిసేవి కావు. ఊహించి చెప్పేదాన్ని. ఎవరూ తప్పు పట్టలేదు కాబట్టి అదే అలవాటయింది.

మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. వాటిలో కొలువు కావాలంటే ఇంగ్లీషు మీడియంలో చదవాలని బస్తీలో ఎవరి నోట విన్నా అదే మాట. జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన ఒక బడి నుంచి మా నాన్న దరఖాస్తు ఫారం తెచ్చాడు. ఆదివారం పొద్దున గడప దగ్గర కూర్చుని ఇద్దరం నింపాం. నేను చదివి చెబితే ఆయన తెలుగులో రాశాడు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అయ్యాక పొడుగాటి మాట ఒకటి వచ్చింది. నాకు నోరు తిరగలేదు. కూడబలుక్కుని చదివితే చివర ‘కులం’ అని వినిపించింది. అంతే, కులం అడుగుతున్నారని చెప్పేశాను.

ఆయన పెన్ను ఆగిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోనక్కర లేకుండా బతకాలనే ఆయన ఊరు విడిచి వచ్చాడని నాకు అప్పటికి తెలియదు.

“పక్కానా బిడ్డా?” అన్నాడు.

తెలియదు అనడానికి నాకు నామోషీ. పక్కా అన్నాను. ఆయన ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు.

మర్నాడు బడి ఆఫీసులో ఫారాలు చూస్తున్న మేడమ్ ఆ గడి దగ్గర ఆగి, పక్కనున్న ఆవిడకు చూపించి నవ్వింది. అందులో రాసింది పైకి చదివింది. కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులు మా వైపు తిరిగారు. ఒకాయన మా నాన్నను చెప్పుల దాకా చూశాడు. అడిగింది పిల్ల ఏ సిలబస్ చదివిందని, కులం కాదని ఆవిడ అందరికీ వినబడేలా చెప్పింది. నాన్న నన్ను చూపిస్తాడని, ఇదే చదివి చెప్పిందని అంటాడని భయపడి ఆయన వెనక్కి జరిగాను.

“నాదే తప్పు మేడమ్. నాకు సదువు రాదు,” అన్నాడాయన.

కబురు చేస్తామన్నారు. చేయలేదు.

మా పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన తాతయ్య ఒకాయన ఉండేవారు. సినిమా రచయితలు గబగబా రాసిన సంభాషణలను సాపుగా తిరగరాసి ఇవ్వడం ఆయన పని. బడి ఆఫీసు నుంచి వచ్చిన సాయంత్రమే వెళ్లి ఆ మాటకు అర్థం అడిగాను. ఆయన చెప్పలేదు. నిఘంటువు నా ముందు పెట్టి నాచేతే వెతికించారు. దొరికాక నెమ్మదిగా విడమరిచారు. లాటిన్‌లో ఆ మాటకు పరుగు అని అర్థమట. పిల్లకి బడి ఏం నేర్పాలనుకుంటుందో, ఏ వరుసలో ఎలా నేర్పుతుందో, ఎలా పరీక్షిస్తుందో అదంతా కలిపి కరిక్యులం. తెలుగులో పాఠ్యప్రణాళిక అంటారు, కొందరు పాఠ్యక్రమం అని రాస్తారు. సిలబస్ అంతకన్నా చిన్నది, ఒక్కో సబ్జెక్టులో చదవవలసిన పాఠాల జాబితా. అయినా జనం ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తుంటారు, ఆ ఫారంలో చేసిందీ అదే. స్టేట్ సిలబస్ అని రెండు మాటలు రాస్తే సరిపోయేదట.

రెండు మాటలు. అప్పుడు ఏడుపు ఆగలేదు. జరిగింది చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు.

“మాట తెలియకపోవడం తప్పు కాదమ్మా. తెలుసన్నావు చూడు, అది తప్పు. ఆ అవమానం మీ నాన్న పడ్డాడు. వెళ్లి ఆయనకు చెప్పు,” అన్నారు.

వెళ్లేసరికి నాన్న ఉలికి పదును పెడుతున్నాడు. తెలియకుండానే చెప్పానని ఒప్పుకున్నాను. ఆయనకు ఆ సంగతి ఆఫీసులోనే అర్థమైందట.

“అన్ని తెలిస్తే ఇగ బడి ఎందుకు బిడ్డా? తెల్వకుంటే తెల్వదను. గంతే.”

ఆయన గొంతులో కోపం లేదు. ఒక దెబ్బ వేసి ఉంటే బాగుండుననిపించింది.

ఆ తర్వాత ఆయన ఏ బడి ఆఫీసులోనూ అడుగు పెట్టలేదు. నన్ను సర్కారు హైస్కూల్లో చేర్చిన రోజు మా అమ్మ లోపలికి వచ్చింది, ఆయన గేటు బయటే నిలబడ్డాడు. పదో తరగతి సర్టిఫికెట్ తెచ్చుకున్న రోజూ అంతే. నేను టీచరునయ్యాక, ఒక్కసారి వచ్చి నా తరగతి చూడమని ఎన్నిసార్లు పిలిచానో. నవ్వి ఊరుకునేవాడు. చూడకుండానే పోయాడు.

ఇప్పుడు బోరబండలో పిల్లలకు చదువు చెబుతున్నాను. తెలియని మాట ఎదురైతే తరగతి ముందే తెలియదంటాను. అదేమీ సులువుగా రాదు, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఒక్క క్షణం తెలుసనేద్దామనిపిస్తుంది. అయినా తెలియదనే అంటాను. నేను అనకపోతే నా బదులు ఇంకెవరో తల దించుకోవలసి వస్తుంది.