వేడీ కాదు, చలవా కాదు

గ్వాటెమాలా కొండల్లోని మా ఊళ్లో ఏ మాత్ర ఇచ్చినా ముందు అడిగేది ఒకటే: "ఇది వేడి చేసేదా, చలవ చేసేదా?"

ఆరోగ్య కేంద్రంలో నర్సు ఒబ్దూలియా మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పేది. కొత్త బీపీ మాత్ర వచ్చినప్పుడు, "కొందరికి పొడిదగ్గు రావచ్చు" అంది. దగ్గొచ్చిందంటే చలవ మందే అని జనం తేల్చేశారు. ఆ ఆదివారం చర్చిలో ఫాదర్ మాట వినబడనంతగా దగ్గారు. ఇంకా మాత్ర మింగనివాళ్లు కూడా, డబ్బా ఇంటికి తెచ్చుకున్న పాపానికి దగ్గారు. సగంమంది మందు మానేశారు. వాళ్లలో ఒకతనికి పక్షవాతమొచ్చి మూతి వంకరపోయింది.

అప్పటినుంచి ఒబ్దూలియా దగ్గు మాట ఎత్తలేదు. ఎవరడిగినా, "వేడీ కాదు, చలవా కాదు, మధ్యరకం" అనేది. ఊరు దగ్గడం మానేసింది. ఆమె మాత్రం ఎవరు గొంతు సవరించుకున్నా చటుక్కున తలెత్తి చూసేది.

నిన్న మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్మే టెక్లా అత్త దగ్గుతూ వచ్చింది.

"ఎప్పట్నుంచి అత్తా?"

"ఆ మాత్ర మొదలెట్టాకే. పొయ్యి పొగ, ఇంకేముంది."

"పొయ్యి అంతకుముందూ ఉందిగా."

"ఉంటే? పొగకి నన్ను చూసి జాలేస్తుందా?"

బయట బల్లమీద కూర్చున్నవాళ్లు చెవులు రిక్కించారు. ఒబ్దూలియా గొంతు తగ్గించింది.

"మాత్ర వల్లేమో అత్తా."

టెక్లా నవ్వి, మళ్లీ దగ్గింది. "చాల్లే ఊరుకో. మాత్ర వల్లయితే నువ్వు ముందే చెప్పేదానివి కాదూ."