అల్లవరం రొయ్యలు, నలభై మంది ఉమ్ము

ఏడాది కష్టాన్ని షేర్ ఆటోలో వదిలేసి వచ్చిన ఘనురాలి కథ ఇది. నవ్వొస్తే ఆపుకోకండి. మీ వంతు ఏడుపు కూడా ఆ రోజు నేనే ఏడ్చేశాను.

అప్పుడు నేను నరాల జబ్బుల మీద పరిశోధన చేసే విద్యార్థినిని. ఏళ్ల తరబడి ఒత్తిడిలో నలిగిన మెదడుకు మతిమరుపు జబ్బు తొందరగా వస్తుందా అన్నది నా ప్రశ్న. ఒత్తిడి ఎంతుందో ఉమ్ములో తెలుస్తుంది. అందుకే, మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్లను అల్లవరం చుట్టుపక్కలంతా బతిమాలి, నలభై గొట్టాల్లో ఉమ్ము పట్టించాను. థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి, మూత మీద నా ఫోన్ నంబరు రాసి, అమలాపురం ఆటో ఎక్కాను. ఒత్తిడి వల్ల మనిషికి పరధ్యానం ఎలా వస్తుందో దారి పొడుగునా అందరికీ ఉపన్యాసం ఇచ్చి, దిగేటప్పుడు పక్కాయన పెట్టె పట్టుకొచ్చేశాను.

గదికొచ్చి మూత తీస్తే రొయ్యలు! ఘొల్లుమన్నాను. నాతో గదిలో ఉండే లత తొంగిచూసి, "ఏడుపు సంగతి నువ్వు చూసుకో, వీటి సంగతి నేను చూస్తా" అని పొయ్యి వెలిగించింది. ఏడుస్తూనే తిన్నాను. బావున్నాయి, అబద్ధమెందుకు?

చెయ్యి కడుక్కుంటుంటే ఫోను.

"ఆటోలో మతిమరుపు గురించి చెప్పిన మేడమ్ గారేనాండి? నా పేరు సత్తిబాబండి. మీ పెట్టె నా దగ్గరుందండి. నంబర్లో ఆఖరి అంకె చెరిగిపోతే ఒక్కోటీ నొక్కి చూసేను. ఏడుగురు తిట్టేరండి, మీరు ఎనిమిదోవారు."

"ఐసు కరిగిపోయిందాండి?"

"అబ్బే, రెండుసార్లు మార్చేనండి. మందులేమో అనుకున్నాను. ఏంటండీ ఇయ్యి?"

"ఉమ్మండి."

"ఎవరిదండి?"

"నలభై మందిదండి."

"ఆయ్," అన్నాడు నీరసంగా. "చేతులు కడుక్కుని బయల్దేరతానండి."

గంటలో గుమ్మం ముందున్నాడు. నేను దండం పెట్టబోతే ఆపేశాడు. "మా అమ్మ నన్ను గుర్తుపట్టి రెండేళ్లయిందండి. తమ్ముడా అని పిలుస్తది. ఆటోలో మీరు చెప్తుంటే దిగబుద్ధి కాలేదు. ఆవిణ్ని చూసుకునేది నేనే. నా ఉమ్ము కూడా తీసుకుంటారాండి?"

కాగితం మీద సంతకం పెట్టించుకుని, నలభై ఒకటో గొట్టం ఆయన చేతిలో పెట్టాను.

పని ముగించి, "మరి నా రొయ్యలండీ? చెరువులో జబ్బు పడ్డాయి, పరీక్షకి తెచ్చేను" అన్నాడు.

లత వంటింట్లోకి జారుకుంది.

"తినేశామండి."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా ఓసారి చూశాడు. "ఆ జబ్బు మనుషులకి అంటదు లెండి. రుచెలా ఉందండి?"

నా పరిశోధన పూర్తయిందంటే సత్తిబాబు గారి చలవే. అందుకే ఆయన ఎదుటే గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను: పరాయి పెట్టె ఎంత నోరూరించేదైనా సరే, యజమాని వచ్చేదాకా పొయ్యి వెలిగించనివ్వను.